ఆ ఏడో దెబ్బ దగ్గరే ఆపు

అల్లుడూ,

దసరాకు పాలమూరు వచ్చినప్పుడు డాబా మీద నువ్వు వాయించిన పాట ఫోన్‌లో ఉంది, వారం నుంచి అదే వింటున్నా. మూడో లైన్‌లో ఒక దెబ్బ తక్కువైందని మీ డ్రమ్మర్ దాన్ని ఎనిమిది చేశాడని నిన్న నువ్వు చెప్పగానే ప్రాణం ఉసూరుమంది. మళ్లీ ఏడుకే తీసుకురండి. "కల్వకుర్తి ఆఖరి బస్సు వెళ్లిపాయె" అన్నాక అక్కడ ఇంకో దెబ్బ పడితే బస్సు ఇంకా స్టాండులోనే ఉన్నట్టుంటుంది. పొద్దున మీ అత్త జొన్నరొట్టె తడుతూ ఆ లైన్ పాడుకుంది, ఆమె చెయ్యి కూడా ఏడుకే మళ్లీ మొదలైంది, ఎవరూ నేర్పకుండానే.

ఆ అబ్బాయికి లెక్కలు చెప్పకు. తకధిమి తకిట అని నోటితో పదిసార్లు అనిపించు, చాలు. నొటేషన్ చదవడం రాని ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ 1967లో చేసిన 'ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్' చరణాలు ఎక్కువగా ఏడు మీదే నడుస్తాయి, విని చూపించు.

అయితే ప్రతి తడబాటూ గొప్పది కాదు. గిటారు పక్కన పెట్టి, తొడ మీద తాళం వేస్తూ పాడు. మూడుసార్లు మూడు చోట్ల తప్పితే అది తప్పే, సాధన చెయ్యాలి. ప్రతిసారీ ఒకే చోట తప్పితే అది పాట నడక. నా 22వ ఏట హైదరాబాదులో ఒక స్టూడియో ఆయన నా ఐదు దెబ్బల లైన్‌ను ఆరు చేయిస్తే తలూపాను. క్యాసెట్ ఇంకా ఉంది, సాఫీగానే ఉంటుంది, వినబుద్ధి కాదు.

ఇక పాటలో నువ్వు పట్టిన ఆ కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి. ఇ మేజర్ పట్టును అలాగే రెండు ఫ్రెట్లు (గిటారు మెడ మీది గళ్లు) జరిపి, కింది సన్న తీగలు రెండూ నొక్కకుండా ఓపెన్‌గా వదిలావు. ఎఫ్ షార్ప్ మేజర్‌లో ఆ బి, ఇ స్వరాలు ఉండవు, అందుకే ఒళ్లు జలదరిస్తుంది. వాటిని మూయకు. లావు తీగ మాత్రం ఊరికే మోగనివ్వకు, అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌లా బొటనవేలిని పైనుంచి వేసి రెండో ఫ్రెట్ నొక్కు, కార్డుకు కాలు ఆనుతుంది. ఆయనదీ వింటూ నేర్చుకున్న విద్యే. ఆయన పాట 'పర్పుల్ హేజ్' కార్డులో మేజర్, మైనర్ గాంధారాలు రెండూ కలిసి మోగుతాయి, మన నాట రాగంలో షట్‌శ్రుతి రిషభం, అంతర గాంధారం పక్కపక్కనే ఉన్నట్టు. తర్వాత ఇ మేజర్‌కు తిరిగి రా, ఆ సన్న తీగలు రెండూ మోగుతూనే ఉండాలి.

ఆదివారం క్లిక్ (తాళం కొట్టే మెట్రోనోమ్ చప్పుడు) పెట్టకుండా రికార్డు చేసి పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా వింటా.

మీ మామ