ముందు ఇంజను, తర్వాత గేదె

చి.ల.సౌ. అమ్మడికి,

ఆశీర్వచనాలు. రాజాం దగ్గర హైస్కూల్లో తొమ్మిది, పదో తరగతులకి వ్యవసాయం ఒకేషనల్ చెప్పడానికి చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. యంత్రాలు, పశుపోషణ రెండూ నీకే అప్పగించారట. మంచిదే, ఆ రెండూ ఒకరి చేతిలో ఉంటేనే బాగుంటుంది. నా సర్వీసంతా ఆ రెండే చెప్పినవాణ్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతున్నాను. పుస్తకంలో ఏ పాఠం ముందున్నా సరే, నువ్వు ఇంజనుతో మొదలుపెట్టు. నట్టు తప్పుగా బిగిస్తే విప్పి మళ్లీ బిగించొచ్చు. గేదెకి మందు తప్పుగా తాగిస్తే వెనక్కి తీయలేం. ముందు చూడటం, తర్వాత ముట్టుకోవడం అనే అలవాటు పిల్లలకి ఇనుము దగ్గరే పడాలి.

ఊళ్లో ఎవరింట్లోనో ఐదు హెచ్‌పీ డీజిల్ ఇంజను ఒకటి మూలన పడి ఉంటుంది, అడిగి తెచ్చుకో. మొదటి రోజు స్పానర్ ఇవ్వకు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో, ఏ రంగులో ఉందో చూసి రాయమను. ఎక్కడ తడిగా ఉందో చేత్తో తడిమి చెప్పమను. ఆ తర్వాత ట్యాంకులో డీజిల్ పూర్తిగా అవగొట్టి, మళ్లీ పోసి, స్టార్ట్ చేయమను. అవదు. పైపుల్లోకి గాలి చేరింది కదా. ఫిల్టరు మీద చిన్న స్క్రూ కొంచెం వదులు చేస్తే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి తెంపు లేకుండా డీజిల్ ధార వస్తుంది. ధార రాగానే స్క్రూ బిగించాలి. ఇది ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తన చేత్తో చేయాలి. ఆడపిల్లల్ని నోట్సు రాయడానికి కూర్చోబెట్టి మగపిల్లల చేతికి స్పానర్ ఇచ్చే పద్ధతి నీ క్లాసులో ఉండకూడదమ్మా. రేపు ఇంట్లో పశువుల సాల చూసుకునేది ఎక్కువగా వాళ్లే.

మన వైపు హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ తుపాను 2018లో వచ్చాయి. రెండూ అక్టోబరులోనే. అందుకని సెప్టెంబరు దాటకుండా ఒక పాఠం అయిపోవాలి. నీట మునిగిన ఇంజనుకి ఉన్నపళంగా హ్యాండిల్ వేసి తిప్పకూడదు. సిలిండర్లో నీళ్లుంటే అవి గాలిలా నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు పాత ఆయిల్, డీజిల్ తీసేయాలి. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పి, చేత్తో మెల్లగా తిప్పుతూ నీళ్లు బయటికి పంపాలి. ఆ రోజే రెండో సంగతీ చెప్పెయ్. తుపాను హెచ్చరిక రాగానే పశువుల పలుపులు విప్పి మెరక మీదికి తోలాలి. కట్టేసిన పశువు ఈదలేదు.

గడ్డి కోసే మిషన్ దగ్గర మాత్రం నీకు భయం ఉండాలి, పిల్లలకీ ఉండాలి. చున్నీ తీసి పక్కన పెట్టాలి, జడ ముడి వేసుకోవాలి, గాజులు తీసెయ్యాలి. కరెంటు తీసేశాక కూడా చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా ఇరుక్కున్న గడ్డి జోలికి వెళ్లకూడదు. ఈ పాఠం చెప్పేటప్పుడు ఒక్కసారి నలుగురికంటే ఎక్కువ మందిని దగ్గరికి రానివ్వకు.

సంక్రాంతి తర్వాత పశువుల దగ్గరికి తీసుకెళ్లు. అక్కడా మందుల పేర్లతో మొదలుపెట్టకు. ఆవు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి రెండు నిమిషాలు కదలకుండా నిలబడమను. లోపల పొట్ట మెల్లగా పైకి లేచి పిడికిలిని నెట్టి దిగుతుంది, ఆరోగ్యంగా ఉంటే ఆ రెండు నిమిషాల్లో సుమారు మూడుసార్లు. ఒకసారి చేతికి తెలిశాక ఆ పిల్లలు నెమరు వేయని పశువుని దూరం నుంచే పసిగడతారు.

లెక్కల మాస్టారిని కూడా కలుపుకో. ఛాతీ చుట్టుకొలతని అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా అంగుళాల్లోనే తీసుకున్న పొడవుతో గుణించి, 660తో భాగిస్తే ఉజ్జాయింపుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే 273 కిలోల దాకా అన్నమాట. కడుపులో పురుగులకి పోసే నట్టల మందు మోతాదు బరువుని బట్టే కదా. చాలా ఇళ్లలో కంటిచూపుతో పోసేస్తారు.

ప్రతి పిల్ల చేత ఇంట్లో ఒక క్యాలెండరు పెట్టించు. ఎద కనబడిన తేదీ, 21 రోజుల తర్వాత మళ్లీ చూడాల్సిన తేదీ, చూలు కట్టడానికి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ, ఈనే తేదీ రాయించు. ఈనడానికి ఆవుకైతే సూది వేయించిన నాటి నుంచి సుమారు 280 రోజులు, గేదెకైతే 310. పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి. గేదెలు ఎక్కువగా రాత్రిపూట ఎదకొస్తాయి, గుర్తులు కూడా అంతగా బయటపడవు, అందుకే ఈ రాత అవసరం. దూడ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. మాయ పడేదాకా ఆపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట పెద్దవాళ్లకి నువ్వు చెబితే వినరేమో గానీ, మనవరాలు చెబితే వింటారు.

సూదులు, ఇంజెక్షన్లు మాత్రం పిల్లల చేత చేయించొద్దు. వాళ్ల పని చూడటం, రాయడం, పశువైద్య అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయడం, సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుడికి కబురు పెట్టడం.

గరివిడి వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. పదో తరగతి వాళ్లని పరీక్షల ముందు కాకుండా డిసెంబరులోనే తీసుకెళ్లి చూపించు. పది అయ్యాక వ్యవసాయ డిప్లొమా, పశుసంవర్ధక డిప్లొమా రెండేసి ఏళ్లవి ఉన్నాయని చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. వెళ్లేముందు వాళ్లనీ పిలువు, బస్సులో చోటుంటే ఎక్కించుకో.

మీ పెదనాన్న