డీఎక్స్-7 స్వరం లైబ్రరీలో ఎందుకు పలకదు

గుంటూరు మిత్రులకు నమస్కారం. ముందే రికార్డు చేసిన ధ్వనుల సంకలనమైన శాంపిల్ లైబ్రరీలోని డీఎక్స్-7 ఎలక్ట్రిక్ పియానో స్వరం నిర్జీవంగా ఉందనీ, విజయవాడలో అమ్మకానికి వచ్చిన పాత వాద్యాన్నే కొనాలా అనీ అడిగారు. కొనవలసిన పని లేదు. 1983లో యమహా తెచ్చిన ఆ సింథసైజర్‌లో రికార్డు చేసిన ధ్వని ఏదీ ఉండదు; ఆరు ఆపరేటర్లు (ధ్వని తరంగాలను పుట్టించే భాగాలు) ఎఫ్ఎం పద్ధతిలో ఒకదాన్నొకటి మాడ్యులేట్ చేస్తూ, అంటే ఒకదాని తరంగాన్ని మరొకటి మారుస్తూ, స్వరాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తాయి కాబట్టి, మీట మీద వేలు కాస్త గట్టిగా పడితే శబ్దం పెరగడమే కాక, గంట మోగినట్లుండే లోహపు మెరుపు కూడా పైకి తేలుతుంది. లైబ్రరీలో ఉన్నవి కొన్ని వెలాసిటీ పొరలే (మీట మీద వేటు బలాన్ని బట్టి విడివిడిగా చేసిన రికార్డింగులే) కనుక, వాటి మధ్య అతుకు చెవికి తెలిసిపోతుంది. డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్ (సంగీత సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే ప్రోగ్రామ్) ఇదే ఎఫ్ఎం పద్ధతిలో పనిచేస్తుంది. పాత ప్యాచ్‌ల (స్వరాల అమరికల) సిసెక్స్ ఫైళ్లను, అంటే ఆ అమరికలను దాచిన ఫైళ్లను, అందులో నేరుగా తెరవవచ్చు. అయినా కొంటానంటే, ముందుగా లోపలి బ్యాటరీ సంగతి అడగండి. అది అయిపోతే మెమరీలోని 32 ప్యాచ్‌లూ పోతాయి (నా దానికి అదే గతి పట్టింది).