ఆర్నెమ్ లాండ్ వెళ్తున్న నీకు

చిట్టీ,

ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న ఆర్నెమ్ లాండ్‌లో ఆదివాసుల ఊళ్లకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. పండ్లు, కూరగాయలు ఎంత తింటున్నారో కొలిచే పని కదా. డార్విన్‌లో ఉంటూ ఏళ్ల తరబడి అదే పని మీద తిరిగిన మీ పిన్ని మాట కాస్త విను.

"నిన్న ఏం తిన్నారు?" అనే కాగితం పట్టుకుని మొదలుపెట్టకు. నేను అలాగే మొదలుపెట్టాను. ఒక పెద్దావిడ అన్నిటికీ అవునంది. నన్ను నొప్పించడం ఇష్టంలేక అలా అందని తర్వాత ఆమె మనవరాలు చెబితేనే తెలిసింది. పైగా ఒకే వంట పదిమంది పంచుకుని తినే ఇళ్లు అవి.

ముందు కొట్టుకు వెళ్లు. చాలా ఊళ్లలో ఉండేది ఒక్కటే. కొన్నదంతా దాని కంప్యూటర్‌లో ఉంటుంది. ఊరివాళ్ల అనుమతి తీసుకునే అడుగు. సర్కారు డబ్బు రెండు వారాలకోసారి పడుతుంది. పడిన రోజు బుట్టలో యాపిల్స్ ఉంటాయి, పదో రోజుకు బ్రెడ్డూ టీపొడీ మిగులుతాయి. కాబట్టి 14 రోజులకు తక్కువ లెక్క తియ్యకు. రోడ్లు మునిగే వానాకాలంలో మళ్లీ తియ్యి.

14 రోజుల్లో పండ్లు, కూరగాయలు కలిపి 420 కిలోలు అమ్మారనుకో. ఊళ్లో 200 మంది ఉంటే మనిషికి రోజుకు 150 గ్రాములు. కానీ ఆ వారాల్లో 50 మంది చావుకని వేరే ఊరు వెళ్లి ఉంటే? అప్పుడది 200 గ్రాములు. అందుకే సరుకు కంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టు. కుళ్లి పారేసినవి తీసెయ్యడం మర్చిపోకు. వేయించిన ఆలూ చిప్స్‌ని కూరగాయల్లో కలపొద్దు.

కొట్టుకు తెలియని తిండి అడవిలో ఉంది. తవ్వి తెచ్చుకునే గడ్డలు, విటమిన్ సి దండిగా ఉండే కకడు ప్లమ్ అనే అడవి పండు ఏ బిల్లులోనూ కనపడవు. వాటి కోసం ఆడవాళ్లతో కలిసి నడిచి వెళ్లు. వాళ్లు ఒప్పుకుంటేనే తూకం వెయ్యి.

తక్కువ తింటున్నారని తేలితే వాళ్లకు తెలియక అనుకోకు. అక్కడ ధరలు చూస్తే నీకే కడుపు తరుక్కుపోతుంది. అలాంటి 20 ఊళ్ల కొట్లలో 20 శాతం ధర తగ్గించి చూస్తే పండ్లు, కూరగాయల కొనుగోలు పెరిగింది.

నీ అంకెలు ఆఫీసుకు పంపేముందు ఆ ఊరి పెద్దలకు చూపించు. అవి వాళ్లవి.

నా వంటింటి తూకం ఇంకా బాగానే ఉంది. బయల్దేరేముందు వచ్చి తీసుకెళ్లు.

మీ పిన్ని