ఆయన తట్టుకోలేరని మీకెవరు చెప్పారు?

నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి తాను గే అని నాలుగేళ్ల కిందటే మీకు చెప్పాడు. మీ వారికి మీరు చెప్పలేదు. ఇప్పుడు అక్కడే ఒక కుర్రాడితో పెళ్లి ఖాయం చేసుకున్నాడు. ఆ పెళ్లి చెల్లుతుందా, లోకం ఎప్పటికైనా ఒప్పుకుంటుందా, ఈలోపు ఎవరో ఒక అమ్మాయిని చూసి చేసేస్తే మారతాడని అక్కయ్య అంటోంది, నిజమేనా అని అడుగుతున్నారు.

చివరిదానికే ముందు చెబుతాను. మారడు. మార్చడానికి ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మీ పరువు కోసం ఎవరి కూతురి బతుకు పాడుచేస్తారు? ఆ పిల్ల మీ అక్కయ్య కూతురే అయితే ఆవిడ ఈ మాట అంటారా?

పెళ్లి అక్కడ నిక్షేపంగా చెల్లుతుంది. ఇలాంటి పెళ్లికి మొదట చట్టం చేసిన దేశమే అది. 2001 ఏప్రిల్ 1న ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగు జంటలకు మేయరే దగ్గరుండి పెళ్లి జరిపించాడు. మన దగ్గర చెల్లదు. ఇది నేరం కాదని 2018లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో పెళ్లి సంగతి మాత్రం పార్లమెంటు చూసుకోవాలంది.

లోకం అంటారా, అది మీకంటే ముందే నడుస్తోంది. అమెరికాలో గ్యాలప్ సర్వేల్లో 1996లో నూటికి 27 మంది సరేనంటే, 2023కి 71 మంది అన్నారు. ఐర్లండ్ అయితే మరీ విచిత్రం. 1995లో విడాకులకు అనుమతి ఇవ్వాలా అని ఓటు పెడితే అత్తెసరుగా గట్టెక్కింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 2015లో, అదే దేశంలో నూటికి 62 మంది స్వలింగ వివాహాలకు ఓటేశారు. ఆ ప్రచారంలో మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ గే అయిన తన కొడుకు గురించి దాచకుండా మాట్లాడింది. ఒక తల్లే కదా ఆవిడ కూడా.

అడిగారు కాబట్టి ఇవన్నీ చెప్పాను. మీ ఉత్తరంలో నాకు కనపడ్డ చిక్కు వేరే. ‘ఆయన తట్టుకోలేరు’ అని పేజీకోసారి రాశారు. ఎప్పుడైనా చెప్పి చూశారా?

కిందటి నెల వీడియో కాల్ పెట్టేయబోతూ ఆయన, ‘అతనికి జ్వరం తగ్గిందా?’ అని అబ్బాయిని అడిగారట. మీరు కంగారుగా ఫోన్ లాక్కుని మాట మార్చేశారట. ఆయన మళ్లీ ఏమీ అడగలేదట. అమ్మా, కొడుకు రూమ్మేట్‌కి వచ్చిన జ్వరాన్ని వారం తర్వాత కూడా గుర్తుపెట్టుకునే తండ్రిని నేనైతే చూడలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది. మీ నోటితో వినాలని చూస్తున్నారేమో.

నిజంగానే తెలియకపోతే కేకలేస్తారు, నాలుగు రోజులు మాట్లాడరు. తండ్రిగా కోప్పడే హక్కు, ఏడ్చే హక్కు, ఆఖరికి సరేననే హక్కు కూడా ఆయనవే. వాటిని మీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. భర్త మనసు నొప్పించకూడదని దాచానంటున్నారు. పసివాడిలా చూసి గౌరవమంటే నేనొప్పుకోను. పైగా అక్కయ్యకు చెప్పిన మాట ఆయనకు చెప్పలేదు! కొడుకు గే అన్నదానికంటే ఈ ముక్కే ఆయన్ని ఎక్కువ బాధపెడుతుంది, దానికి సిద్ధంగా ఉండండి.

ముందు అబ్బాయికి ఫోన్ చేసి, ‘నాన్నకు చెప్పనా, నువ్వే చెబుతావా?’ అని అడగండి. అది వాడి విషయం, వాడు సరేనన్నాకే నోరు విప్పండి. చెప్పేటప్పుడు అక్కయ్యను పక్కన కూర్చోబెట్టుకోకండి. అన్నీ విన్నాక కూడా పెళ్లికి రానంటే మీరొక్కరే వెళ్లి రండి. ఆయన్ని అడగకుండా మాత్రం టికెట్ తీయకండి.