పడేటప్పుడు చెయ్యి పెట్టొద్దు

మార్షల్ ఆర్ట్స్ నేర్చుకున్నది రీసెర్చ్ పేపర్లు రాయడంలో ఎవరికైనా పనికొచ్చిందా అని అడిగారు. నాకైతే వచ్చింది. క్రమశిక్షణ, ఏకాగ్రత గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు, వాటి జోలికి నేను పోను. అవి తెల్లారకముందే లేచి పాలు పోసేవాళ్ల దగ్గరా ఉంటాయి, దానికి జూడో అక్కర్లేదు. జూడో నాకు నేర్పింది పడటం.

అనంతపురంలో హైస్కూల్లో ఉండగా చేరాను. ఎవర్నో ఎత్తి కుదేద్దామని వెళితే మా సార్ మొదటి నెలన్నర ఒక్కణ్ణీ ముట్టుకోనివ్వలేదు. రోజూ పడటమే. దాన్ని ఉకెమి అంటారు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చూపు మన బెల్టు ముడి మీదే ఉంచాలి, అప్పుడు తల నేలకు తగలదు. వీపు మ్యాట్‌ను తాకే క్షణానికి రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాపి అరచేతులతో ఫెడీమని కొట్టాలి. మూడు వారాలకు మోచేతుల దాకా కమిలిపోయాయి.

ఒకరోజు క్లాసు మొదలవకముందు ఒకడు సరదాకి నా కాలు లాగాడు. నేర్చుకున్నదంతా ఎటు పోయిందో, వెనక్కి చెయ్యి ఆనించాను. టక్‌మంది. మణికట్టుకు నెల రోజులు కట్టు. సార్ జాలిపడతారేమో అనుకున్నా. "చెయ్యి ఎందుకు పెట్టినావు? పడతా ఉంటే పడాల. మధ్యలో ఆపుకోవాలని చూస్తే విరిగేది నీ చెయ్యే" అన్నారు, అంతే, అవతలివాణ్ణి ఒక్క మాట అనలేదు. చాలా ఏళ్లు ఆ కోపం ఉండేది నాకు.

తర్వాత పీహెచ్‌డీకి వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు మీద పనిచేశాను. మా ఊరి పంట, మా ఊరి తెగులు, నాకంటే ఎవడికి తెలుసులే అన్న ధీమా. మొదటి పేపర్ ఒక జర్నల్‌కి పంపితే నాలుగు నెలలకు రిజెక్ట్ అయి వచ్చింది. అచ్చుకు ముందు పేపర్ చదివి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్లలో ఒకడు మూడు లైన్లలో బాగుందన్నాడు. రెండోవాడు పేజీన్నర రాశాడు, అందులో అసలు దెబ్బ ఒకటే: ఒక్క ఖరీఫ్ డేటాతో ఇంత పెద్ద మాట ఎలా అంటారు? ఆ రాత్రే ఎడిటర్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. వాడికి మెట్ట వ్యవసాయం తెలియదని, అనంతపురం ఎప్పుడైనా చూశాడా అని, ఇంకా చాలా. పంపేశాను కూడా. రెండు లైన్ల జవాబు వచ్చింది, నిర్ణయం మారదని. మా గైడ్‌కి విషయం తెలిసి రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అప్పుడు వెలిగింది, నేను చేసింది మళ్లీ అదే, వెనక్కి చెయ్యి ఆనించడం.

ఇప్పుడు రిజెక్షన్ వస్తే ఆ రోజు ఎవరికీ మెయిల్ రాయను. మర్నాడు రివ్యూయర్ ఎవరై ఉంటాడా అని ఊహించుకోకుండా నా పేపర్ తీసి, అతను వేలు పెట్టిన టేబుల్ దగ్గర కూర్చుంటాను. నా వరకు బెల్టు ముడి అదే. పదిలో ఏడుసార్లు అతనిదే కరెక్టు. మిగతా మూడుసార్లు తప్పు అతనిదైనా, అతనికి అలా అర్థమయ్యేలా రాసింది నేనే.

పనిలో పనిగా ఇంకోటి. జూడోలో ముందు అవతలివాడి బ్యాలెన్స్ తప్పించాలి, దాన్ని కుజుషి అంటారు, ఆ తర్వాతే విసరడం. మనవాళ్ల పేపర్లలో ఇంట్రడక్షన్ చూడండి, "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అని మొదలవుతుంది. దానికి ఎవడు తూలుతాడు? ఇప్పటిదాకా అందరూ నమ్ముతున్నదాంట్లో ఎక్కడ పట్టు వదులుగా ఉందో ముందు చూపించాలి కదా.

ఇక బెల్టుల సంగతి. జూడో పెట్టిన జిగోరో కానో 1883లో తన శిష్యులిద్దరికి మొదటిసారి షోదన్ ఇచ్చాడు. బ్లాక్ బెల్ట్‌లో మొదటి మెట్టు అది, ఆ మాటకు అర్థమే ఆరంభం. మన దగ్గరేమో ఫీజు కడితే ఏడాదిలో బ్లాక్ బెల్ట్ అని గోడల మీద రాస్తున్నారు. జర్నల్స్ కథా ఇంతే. నేను రెండో ఏడు స్టూడెంట్‌గా ఉండగానే "గౌరవనీయ ప్రొఫెసర్ గారికి" అంటూ మెయిళ్లు, డబ్బు కడితే మూడు రోజుల్లో అచ్చు. 2018 మేలో యూనివర్సిటీలను చూసే యూజీసీ తాను ఆమోదించిన జర్నల్స్ లిస్టులోంచి ఒక్క దెబ్బకు 4,305 జర్నల్స్ తీసేసింది, అంటే అప్పటిదాకా అవి లిస్టులో ఉన్నట్టే కదా! పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే అచ్చయిన పేపర్ ఉండి తీరాలన్న రూల్‌ని 2022లో ఎత్తేశారు. మంచిపనే అంటాను. పడటం రానివాణ్ణి పోటీకి తోస్తే వాడు బెల్టు కొనుక్కోక ఏం చేస్తాడు?

నా పేపర్ సంగతికొస్తే, రెండో ఖరీఫ్‌లో వానల్లేవు. ఆకు తడవందే ఆ తెగులు రాదు, మచ్చ కోసం చేనంతా వెతికినా దొరకలేదు. మూడో ఏడు దాకా ఆగాను. అప్పుడు వచ్చిన ఫలితం, మొదటి ఏడు నేను గొప్పగా రాసుకున్నదాంట్లో సగం కూడా లేదు. ఆ సగంతోనే వేరే జర్నల్‌కి పంపితే తీసుకున్నారు, టేబుల్ 2లో ఒక స్పెల్లింగ్ మాత్రం సరిచేయమన్నారు. చేసి పంపాను, ఉత్తరం రాయలేదు.