బావ కట్టిన గది, నీకొచ్చిన నోటీసు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

మా బావ, అంటే మీ నాయన, పక్కాయన జాగాలో వేసిన గది తీసెయ్యమని కోర్టు తీర్పు ఇచ్చింది కదా; దాన్ని అమలు చేయించమని పక్కాయన వేసిన అర్జీ, అదే ఈపీ, దాని నోటీసు నువ్వు పంపితే చదివాను. "కట్టింది నాయన. ఆయనే లేనప్పుడు నన్నెందుకు లాగుతారు?" అని అడిగావు. కడపలో వకీలు గుమాస్తాగా చేసినన్నాళ్లూ కోర్టు వరండాలో ఈ మాట వింటూనే ఉన్నాను. మనిషి పోయినా డిక్రీ, అంటే కోర్టు తీర్పు మీద ఇచ్చిన ఉత్తర్వు, పోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ ప్రకారం, డిక్రీ అమలు కాకముందే ఓడినవాడు చనిపోతే, గెలిచినవాడు వారసుల మీద అమలు చేయించుకోవచ్చు.

అలాగని టెన్షన్ పడొద్దు. పక్క జాగాలో బావ వేసిన గది తీసెయ్యక తప్పదు, అది ఖాయం. డబ్బు సంగతి వేరు. కూల్చే ఖర్చు, కోర్టు ఖర్చులు, బావ కాలంలో పడిన నష్టపరిహారం, ఇవన్నీ ఆయన ఆస్తిలో నీ చేతికొచ్చినంత మేరకే. ప్రొద్దుటూరు ఇల్లు, మైదుకూరు దగ్గర చేను జవాబు చెప్పాలి. నీ బెంగుళూరు జీతం చెప్పనక్కర్లేదు.

కానీ ఒక మెలిక ఉంది. వచ్చిన ఆస్తిని ఏం చేశావో లెక్క చూపించలేకపోతే, ఆ మేరకు నీ సొంత ఆస్తి మీదికే రావచ్చు. కాబట్టి కర్మకాండల ఖర్చు, ఆసుపత్రి బిల్లులు, బావ బ్యాంకు అప్పు కట్టిన రసీదులు అన్నీ ఒక ఫైలులో పెట్టు. చేను ఎవరి పేరునైనా తాత్కాలికంగా రాసేద్దామని మీ స్నేహితుడు చెప్పాడట. అట్లాంటివాళ్లు కోర్టు మెట్లెక్కేటప్పుడు కనపడరు. డిక్రీ గెలిచినవాడికి ఎగ్గొట్టడానికి చేసిన రిజిస్ట్రేషన్ నిలవదు.

ఆ గదికి బాడుగ ఇంకా వస్తోందా? బావ పోయాక నువ్వు తీసుకున్నది నీ సొంత ఖాతా కిందికి వస్తుంది. దానికి ఆస్తి మేరకు అనే రక్షణ లేదు. ఈ నెల నుంచే ఆపెయ్.

ఇప్పుడు డిక్రీ నకలు, దానితో ఉన్న అడ్వకేట్ కమిషనర్ (జాగా చూసి రమ్మని కోర్టు పంపిన వకీలు) ప్లాను తెప్పించు. ఎన్ని అడుగులు తీసెయ్యమన్నారో అందులో ఉంటుంది. అంతకు మించి ఒక్క బండ కూడా కదిలించనక్కర్లేదు. డిక్రీ తారీఖు కూడా చూడు, అమలు కోరడానికి గడువు ఉంటుంది. స్వాధీనం ఇప్పించమనే డిక్రీకి 12 ఏళ్ల గడువు. కేవలం కట్టడం తొలగించమనే మాండేటరీ ఇంజంక్షన్ అయితే 3 ఏళ్లే. కొత్తగా సర్వే చేయిస్తానని మాత్రం బయలుదేరొద్దు. అమలు చేసే కోర్టు తీర్పు తప్పా ఒప్పా అని మళ్లీ విచారించదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు జాగా మీద హక్కు తెచ్చిపెట్టవు.

పక్కాయనతో ఒకసారి మాట్లాడిస్తాను. ఆ జాగా అమ్ముతానంటే కొనడమే నయం, గోడలన్నీ నిలబడతాయి. అయితే క్రయపత్రం రిజిస్టరు కావాలి, రాజీ సంగతి ఈపీలో కోర్టు చేత రికార్డు చేయించాలి. రికార్డు కాని రాజీని అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు. కాఫీ హోటల్లో చేతులు కలిపి, మరుసటి వాయిదాకే కొట్లాడుకున్నవాళ్లను చూశాను.

ఆయన ఒప్పుకోకపోతే నువ్వే పడగొట్టించు. కోర్టు మనుషులు వచ్చి పడగొడితే ఖర్చు మన ఆస్తి మీద పడుతుంది, తలుపులు, కిటికీలు విరిగిపోతాయి. మనమే విప్పితే బండలు, కమ్మీలు, దూలాలు అమ్ముకోవచ్చు. గది స్లాబు మన ఇంటి గోడ మీద ఆనిందని మా చెల్లెలు చెప్పింది. అందుకని ముందు ఇంజనీరుకు చూపించు, కింద ఆపులు పెట్టాకే స్లాబు కోయించు. కరెంటు కనెక్షన్ ముందే తీయించు. పనికి ముందూ తర్వాతా ఫొటోలు తీసి వకీలుకు ఇవ్వు.

సంతకాల విషయంలో తొందరపడొద్దు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మ, చెల్లెలు, నువ్వు సమాన వారసులు. అనంతపురంలో ఉన్న నీ చెల్లెలికీ నోటీసు వెళ్లే ఉంటుంది, ఫోన్ చెయ్. ఆ పిల్లకు తెలియకుండా రాజీ రాస్తే రేపు ఇంట్లోనే కేసు.

గదిలో బాడుగకున్న దర్జీకి ఈ వారమే చెప్పు. ఆయన అడ్వాన్సు బావ డబ్బులోంచే తిరిగిచ్చి, రసీదు రాయించుకో.