నవంబర్‌లోనే టీమ్‌ని తిట్టేస్తే ఎలారా

ఒరేయ్ చిన్నోడా,

యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే "బాబాయ్, మా బాస్కెట్‌బాల్ టీమ్ పని అయిపోయింది" అని మెసేజా? నవంబర్, డిసెంబర్ అంటే కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఎవరు ఎక్కడ నిలబడాలో నేర్చుకునే కాలం. అసలు రుబ్బుడు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లతో, అంటే మన లీగ్‌లోని కాలేజీలతో ఆడేవాటితో, జనవరి నుంచి. అప్పటిదాకా తిట్లు దాచుకో.

హాల్లో బంతినే చూస్తూ కూర్చోకు. టోనీ బెనెట్ కోచ్‌గా ఉన్నప్పటి పాత మ్యాచ్‌లు పెట్టుకుని, బంతి లేనివాళ్ల కాళ్లు చూడు: ఒకడు బంతి ఉన్నవాడి మీద పడితే మిగతా నలుగురూ బాస్కెట్ వైపు జరిగి సందు లేకుండా మూసేసేవాళ్లు. దాన్ని ప్యాక్ లైన్ అంటారు. మొదట్లో నాకు నిద్రొచ్చేది, తర్వాత అదే పిచ్చి పట్టింది. స్కోర్‌తో పాటు ఫౌల్స్ మీదా కన్నేసి ఉంచు, ఐదైతే ఎంత మొనగాడైనా బెంచీకే.

ఇక మార్చి. దేశంలోని కాలేజీ టీమ్‌ల పెద్ద టోర్నమెంట్, ఒక్కటి ఓడితే ఇంటికే. 2018లో మనవాళ్లు అందరికంటే పై ర్యాంకుతో వెళ్లారు, ప్రత్యర్థి యూఎంబీసీ అనే యూనివర్సిటీ, 16వ సీడ్, అంటే గ్రూపులో అట్టడుగు ర్యాంకు. హాఫ్‌టైమ్‌కి 21-21. రాత్రి పొద్దుపోయింది, రెండో సగంలో ఎలాగూ గెలుస్తారులే అని టీవీ కట్టేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే 74-54, మనమే ఓడిపోయాం! పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ పదహారో సీడ్ చేతిలో ఓడడం అదే మొదటిసారి. మణికట్టు విరిగి మన ఆటగాడు డియాండ్రే హంటర్ ఆడలేదు, నిజమే, కానీ 20 పాయింట్ల తేడాకి అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

మరుసటి ఏడాది అదే టోర్నమెంట్‌లో పర్డ్యూ యూనివర్సిటీతో మ్యాచ్ మాత్రం చివరిదాకా చూశాను. ఆఖరి సెకన్లలో బంతి అవతలి సగంలోకి ఎగిరిపోతే, మన టీమ్‌లో అందరికంటే పొట్టివాడు కిహే క్లార్క్ వెంటపడి పట్టుకుని దూరం నుంచే మనవాడు డియాకిటేకి విసిరాడు. వాడు వేశాడు, బజర్ మోగింది, 70-70. ఓవర్‌టైమ్‌లో గెలిచి, తర్వాత ఫైనల్లో టెక్సస్ టెక్‌ని 85-77తో కొట్టారు. అందులో హంటర్‌వే 27.

ఫిబ్రవరిలో ఒక శనివారం మ్యాచ్‌కి నేనూ వస్తా, టికెట్లు చూసిపెట్టు. మీ పిన్ని కారప్పూస ఇస్తుంది, లోపలికి రానివ్వరు, కార్లోనే తినేసి వెళ్దాం.

బాబాయ్